అరవై విమానాలకు మూడు దేశాలు: ఫిన్లాండ్ వైమానిక దళం కథ

1980ల మధ్యలో ఫిన్లాండ్ వైమానిక దళం దగ్గరున్న విమానాలను వరసగా రాస్తే ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. తూర్పున, క్వోపియో ఊరి పక్కనున్న రిస్సాలా స్థావరంలో సోవియట్ మిగ్-21లు. ఉత్తరాన రొవానియెమీలో స్వీడన్ తయారీ డ్రాకెన్‌లు. జెట్ శిక్షణకు బ్రిటన్ హాక్‌లు. రవాణాకు డచ్చి ఫొక్కర్లు, హెలికాప్టర్ల దగ్గరికొస్తే మళ్లీ సోవియట్‌వే. అప్పటికి ఆ దేశ జనాభా యాభై లక్షలకు కాస్త తక్కువ. పోరాట విమానాలు అరవైకి మించి పెట్టుకోకూడదని అంతర్జాతీయ ఒప్పందం కూడా ఉంది. ఆ అరవైలోనే రెండు రకాలు, రెండు పరస్పర అనుమానాల ప్రపంచాల నుంచి.

విమానాన్ని కొనడం ఒక ఖర్చు, నడపడం దానికి ఎన్నో రెట్ల ఖర్చు. ప్రతి రకానికీ వేరే స్పేర్ పార్టులు కావాలి, వేరే పనిముట్లు కావాలి, వేరే క్షిపణులు కావాలి. మెకానిక్‌కి ఒక విమానం మీద చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది, ఆ నైపుణ్యం రెండోదాని మీద పూర్తిగా పనికిరాదు. పైలట్‌ను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాలంటే నెలల శిక్షణ. పెద్ద దేశాలు ఈ భారాన్ని వందల విమానాల మీద పంచుకుంటాయి. ఫిన్లాండ్ లాంటి దేశానికి ఆ సౌకర్యం లేదు. మరి అంత పొదుపరి దేశం ఇంత ఖరీదైన పద్ధతిని ఎందుకు ఎంచుకుంది?

ఫిన్లాండ్ ఏ విమానం కొన్నా, అందులో సగం నిర్ణయం వేగం గురించో ఆయుధాల గురించో కాదు, ఎవరి దగ్గర కొంటున్నామన్నదాని గురించి. రష్యాతో దాదాపు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశం అది. ఎవరి దగ్గర కొన్నా ఇంకెవరో ఒకరు దాన్ని సందేశంగా చదువుకుంటారు. అమ్మేవాళ్లు ఎప్పుడైనా ముఖం చాటేయొచ్చు. ఈ రెండు భయాలూ వందేళ్లుగా ఆ దళాన్ని మలిచాయి. అందుకే ఫిన్లాండ్ బలం ఎక్కడుందో చూడాలంటే హ్యాంగర్‌లో నిలబెట్టిన విమానం కంటే, దాని పక్కనున్న వర్క్‌షాపులో ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం.

మొదటి విమానం కొన్నది కూడా కాదు, దానంగా వచ్చింది. 1917 డిసెంబరు 6న ఫిన్లాండ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, వెంటనే అంతర్యుద్ధంలో పడింది. 1918 మార్చి 6న స్వీడన్ ప్రభువు ఎరిక్ వాన్ రోసెన్ ఇచ్చిన థూలిన్ టైప్ డి అనే చిన్న విమానం వాసా పట్టణంలో దిగింది. ఆ తేదీనే వైమానిక దళం తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. రోసెన్ తన అదృష్ట చిహ్నమని నీలిరంగు స్వస్తిక్‌ను రెక్కల మీద వేయించాడు, దళం దాన్నే గుర్తుగా తీసుకుంది. అప్పటికి నాజీ పార్టీ పుట్టలేదు. అయితే రోసెన్ తర్వాతి రోజుల్లో నాజీ నాయకుడు గోరింగ్‌కు బంధువయ్యాడు, నాజీల పట్ల సానుభూతి చూపాడు, కాబట్టి ఆ గుర్తు చుట్టూ చర్చ నేటికీ పూర్తిగా చల్లారలేదు. 1945లో విమానాల మీద నుంచి దాన్ని తీసేసి, తెలుపు నీలం వలయాల గుర్తు పెట్టారు.

1920లలో రన్‌వేలు కట్టడానికి డబ్బు లేదు, సరస్సులు మాత్రం లక్షకు పైగా ఉన్నాయి. అందుకని నీటి మీద దిగే విమానాలు తయారు చేసుకున్నారు, చలికాలంలో నీరు గడ్డకట్టాక స్కీలు తగిలించుకున్నారు. అదే ఆలోచనతో 1930ల చివర్లో డచ్చి ఫొక్కర్ డి-21ను ఎంచుకున్నారు. కొన్ని కొని, మిగతావి టాంపెరేలోని ప్రభుత్వ కర్మాగారంలో లైసెన్సు మీద తయారు చేశారు. దాని చక్రాలు లోపలికి ముడుచుకోవు. అప్పటికే మిగతా దేశాలు ముడుచుకునే చక్రాలకు మారుతున్నాయి కాబట్టి అది పాతబడిన డిజైన్ అనుకోవచ్చు, కానీ మంచు మీద స్కీలు తగిలించడానికి అంతకన్నా సులువైనది లేదు.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు సరిహద్దు దాటాయి. శీతాకాల యుద్ధం మొదలైంది. ఫిన్లాండ్ దగ్గర పనికొచ్చే పోరాట విమానాలు నూట చిల్లర, అటువైపు వేలల్లో. ఫిన్నిష్ పైలట్లు అప్పటికే ఒక పద్ధతి నేర్చుకుని ఉన్నారు. ముగ్గురు ముగ్గురుగా రెక్కకు రెక్క అంటించుకుని ఎగరడం మానేసి, జంటలుగా, ఎడంగా ఎగరడం. పక్కవాడిని గుద్దుకుంటామేమోనన్న టెన్షన్ లేకుండా ఆకాశాన్ని చూడొచ్చు. గుళ్లు తక్కువ కాబట్టి బాగా దగ్గరికి వెళ్లాకే కాల్చాలి. 1940 జనవరి 6న యోర్మా సర్వాంతో అనే పైలట్ ఒక ఫొక్కర్‌తో నాలుగైదు నిమిషాల్లో ఆరు సోవియట్ బాంబర్లను కూల్చాడు. ఆ గంటలో ఫొక్కర్ గొప్ప విమానం అనిపించిందంటే అది నడిపినవాడి గొప్ప.

యుద్ధం మొదలయ్యాక విమానాల కోసం పరుగు మొదలైంది, అక్కడే చిన్న దేశం అసలు కష్టం తెలిసింది. బ్రిటన్ గ్లాడియేటర్లు ఇచ్చింది, ఫ్రాన్స్ మొరాన్లు ఇచ్చింది. ఇటలీ దగ్గర ఫియట్ జి-50లు కొంటే, స్టాలిన్‌తో ఒప్పందంలో ఉన్న జర్మనీ తన గడ్డ మీదుగా వాటిని పోనివ్వలేదు, చుట్టుదారిలో తెచ్చుకోవాల్సి వచ్చింది. అమెరికా 44 బ్రూస్టర్ విమానాలు అమ్మింది, వాటిలో ఎక్కువ భాగం చేరేసరికి 1940 మార్చి 13న యుద్ధం ముగిసింది. డబ్బు చెల్లించినంత మాత్రాన విమానం మనది కాదు, దారిలో ఉన్న దేశాలు కూడా ఒప్పుకోవాలి. ఆ అనుభవాన్ని ఫిన్లాండ్ తర్వాత ఏ కొనుగోలులోనూ మరిచిపోయినట్టు కనిపించదు.

బ్రూస్టర్ విషయంలో కాసేపు ఆగాలి. పసిఫిక్‌లో జపాన్ మీద ఈ విమానం ఘోరంగా దెబ్బతింది, అమెరికన్ పైలట్లు దాన్ని శవపేటిక అన్నారు. ఫిన్లాండ్‌లో అదే విమానం 1941 నుంచి 1944 దాకా దళానికి వెన్నెముకగా నిలిచింది. దానితో ఎగిరిన 24వ స్క్వాడ్రన్ తన లెక్కల్లో 450కి పైగా విజయాలు రాసుకుంది. యుద్ధకాలపు లెక్కలన్నీ కొంత పెరిగే ఉంటాయి, సగం కొట్టేసినా మిగిలేది తక్కువేమీ కాదు. తేడా ఎక్కడొచ్చింది? ఫిన్లాండ్‌కు వచ్చినవి తొలి రకం, ఓడ మీద దిగడానికి కావలసిన సామగ్రి తీసేసినవి, కాబట్టి తేలిక. చల్లటి గాలి ఇంజన్‌కు హాయి. ఎదురుగా ఉన్న శత్రువు విమానాలు కూడా తొలినాళ్లలో పాతవే.

ఇవన్నీ ఒకెత్తు, మెకానిక్కుల పని ఒకెత్తు. బ్రూస్టర్‌లోని రైట్ సైక్లోన్ ఇంజన్లు నూనె చిమ్ముతూ, వేడెక్కి మొరాయించేవి. ఫిన్నిష్ మెకానిక్కులు ఇంజన్ విప్పి, ప్రతి సిలిండర్‌లోని పిస్టన్ రింగుల్లో ఒకదాన్ని తలకిందులుగా తిప్పి బిగించారు. అంతే, నూనె అదుపులోకి వచ్చింది. అమెరికా నుంచి స్పేర్లు ఆగిపోయాక ఇంకో దారి వెతికారు. సోవియట్ ఇంజనీర్లు అదే సైక్లోన్‌కు లైసెన్సు తీసుకుని తమ ఇంజన్లు తయారు చేసుకున్నారు. కూలిన సోవియట్ విమానాల్లోంచి ఆ ఇంజన్లను ఊడదీసి బ్రూస్టర్లలో పెట్టారు.

ఫ్రెంచి మొరాన్ల విషయంలో ఇంకా ముందుకెళ్లారు. మొరాన్‌లో ఉండేది హిస్పానో-సూయిజా ఇంజన్. సోవియట్ క్లీమోవ్ ఎం-105 ఇంజన్ కూడా ఆ కుటుంబంలోదే, కాకపోతే శక్తి ఎక్కువ. జర్మన్ల చేతికి చిక్కిన క్లీమోవ్ ఇంజన్లను ఫిన్లాండ్ కొని, మొరాన్ ముక్కు భాగాన్ని సవరించి అందులో బిగించింది. 1943 ఫిబ్రవరిలో అది మొదటిసారి ఎగిరింది. ఫ్రాన్స్ విమానం, రష్యా ఇంజన్, జర్మనీ దారిలో వచ్చిన సరుకు, ఫిన్లాండ్ చేతి పని. దాన్ని నడిపినవాళ్లు 'మోర్కో మొరాన్' అని పిలుచుకున్నారు. శత్రువు ఇంజన్‌తో శత్రువు మీదికే ఎగిరే పరిస్థితిలో ఆ వర్క్‌షాపులు నేర్చిన పాఠం ఒకటుంది. బయటి నుంచి ఏమీ రాని రోజుకు సిద్ధంగా ఉండాలి. తర్వాతి డెబ్బై ఏళ్లూ ఫిన్లాండ్ ప్రతి ఒప్పందంలోనూ కూర్పు పని తన దగ్గరే జరగాలని పట్టుబట్టడానికి మూలం ఇక్కడుంది.

1943 మార్చి నుంచి జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109-జి విమానాలు వచ్చాయి, మొత్తం 159 చేరాయి. 94 విజయాలతో ఆ దళంలో అందరికన్నా ముందున్న ఇల్మరి యూటిలైనెన్ చివర్లో ఎగిరింది వీటితోనే. 1944 సెప్టెంబరులో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో సంధి చేసుకుంది. ఆ సంధి షరతు ప్రకారం ఉత్తరాన ఉన్న జర్మన్ సేనలను తరిమేయాలి. జర్మనీ అమ్మిన విమానాలతోనే జర్మన్ల మీదికి ఎగిరారు.

యుద్ధం తర్వాత 1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో కుదిరిన శాంతి ఒప్పందం ఈ దళానికి కొత్త కొలతలు రాసింది. విమానాలు 60, సిబ్బంది 3,000. కడుపులో బాంబులు మోసే బాంబర్లు ఉండకూడదు. గైడెడ్ క్షిపణులు ఉండకూడదు. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్‌తో స్నేహ, సహకార ఒప్పందం కుదిరింది. ఫిన్లాండ్ భూభాగం గుండా జర్మనీ గానీ దాని మిత్రులు గానీ దాడికి వస్తే ఫిన్లాండ్ పోరాడాలి, అవసరమైతే సోవియట్ సాయం తీసుకోవాలి, ముందుగా సంప్రదింపులు జరగాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సోవియట్ యూనియన్ ఫిన్లాండ్‌ను నిరాయుధంగా ఉంచాలనుకుందని అనుకుంటారు. అది సగమే నిజం. ఫిన్లాండ్ ఆకాశం ఎవరూ కాపలా కాయని ఖాళీ స్థలంగా ఉంటే, పడమటి విమానాలు ఆ దారిలో లెనిన్‌గ్రాడ్ మీదికీ, కోలా ద్వీపకల్పంలోని నౌకా స్థావరాల మీదికీ రావచ్చు. అప్పుడు మాస్కో 'మీ ఆకాశాన్ని మేమే కాస్తాం' అనగలదు. ఆ మాట రాకూడదంటే ఫిన్లాండ్ తన ఆకాశాన్ని తానే కాచుకోగలనని చూపించాలి. అంటే కొత్త విమానాలు కావాలి. కానీ అవి పడమటి నుంచి మాత్రమే వస్తే మాస్కోకు అనుమానం, తూర్పు నుంచి మాత్రమే వస్తే ఫిన్లాండ్ ఆ గుంపులో కలిసిపోయిందని మిగతా ప్రపంచం రాసేసుకుంటుంది. మొదట్లో వచ్చిన సందేహానికి జవాబు ఈ ఇరుకులోనే ఉంది.

తొలి ఏళ్లలో మాత్రం ఇంత ఆలోచనకు డబ్బే లేదు. యుద్ధకాలపు మెస్సర్‌ష్మిట్లు 1954 దాకా ఎగిరాయి. 1953లో బ్రిటన్ వాంపైర్లు ఆరు వచ్చాయి, అవే మొదటి జెట్లు. తర్వాత ఫ్రెంచి ఫూగా మజిస్టర్లు, కొన్ని కొని 62 స్వదేశంలోనే కట్టుకున్నారు. అవి శిక్షణ విమానాలు కాబట్టి అరవై లెక్కలోకి రావని వాదించారు, ఆ వాదన నిలబడింది.

1958లో బ్రిటన్ నుంచి ఫోలండ్ నాట్ వచ్చింది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్ల మీద పేరు తెచ్చుకున్న మన నాట్ ఇదే. తయారు చేసిన బ్రిటన్ దాన్ని ఫైటర్‌గా తీసుకోలేదు. తీసుకున్నవి భారత్, ఫిన్లాండ్, కాసిని మాత్రం యుగోస్లావియా. చిన్నది, చవక, పెద్ద రన్‌వే అక్కర్లేదు. ఫిన్లాండ్ కొన్నవి పదమూడే. 1958 జులై 31న నాట్‌తో ధ్వని వేగాన్ని దాటి, ఫిన్లాండ్‌లో ఆ పని చేసిన మొదటివాడయ్యాడు లౌరి పెకురి.

పెకురి జీవితమే ఈ జాబితాకు ఒక సాక్ష్యం. 1942 జూన్‌లో అతను నడుపుతున్న బ్రూస్టర్, బీడబ్ల్యు-372, గాలిపోరులో దెబ్బతింటే ఒక సరస్సులో దించి, శత్రువు వైపు అడవిలోంచి నడిచి తనవాళ్లను చేరుకున్నాడు. 1944లో మెస్సర్‌ష్మిట్‌తో కూలి సోవియట్ సేనలకు ఖైదీగా దొరికాడు, యుద్ధం ముగిశాక తిరిగొచ్చాడు. అమెరికా విమానం, జర్మనీ విమానం, చివరికి బ్రిటన్ జెట్, అన్నీ ఒకే మనిషి పదహారేళ్ల కాలంలో. సరస్సు అడుగున మిగిలిన ఆ బ్రూస్టర్‌ను 1998లో బయటికి తీశారు.

1961 అక్టోబరు 30న మాస్కో నుంచి ఒక నోట్ వచ్చింది. పశ్చిమ జర్మనీ ఆయుధాలు పోగేస్తోంది కాబట్టి 1948 ఒప్పందం ప్రకారం సైనిక సంప్రదింపులు మొదలుపెడదామని. ఫిన్లాండ్ గుండెలో రాయి పడింది. ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చుంటే లేవడం కష్టం. అధ్యక్షుడు కెక్కొనెన్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్ దాకా వెళ్లి సోవియట్ నేత క్రుష్చేవ్‌తో మాట్లాడి దాన్ని వాయిదా వేయించాడు. ఆ తర్వాతే సోవియట్ ఆయుధాల కొనుగోలు వేగం అందుకుంది. 1963లో మిగ్-21ఎఫ్-13లు వచ్చి రిస్సాలాలో దిగాయి. సోవియట్ కూటమిలో లేని ఒక దేశానికి ధ్వనికి రెట్టింపు వేగం గల విమానం దొరకడం చిన్న విషయం కాదు.

మిగ్‌కు క్షిపణులు లేకపోతే అర్థం లేదు, క్షిపణులను మాత్రం పారిస్ ఒప్పందం నిషేధించింది. ఆ ముడిని దౌత్యంతో విప్పారు. ఆత్మరక్షణకు వాడే క్షిపణులు ఆ నిషేధం కిందికి రావని ఒప్పందం చేసిన దేశాలను ఒప్పించారు. సోవియట్ యూనియన్, బ్రిటన్ రెండూ ఒప్పుకున్నాయి, ఎందుకంటే రెండు పక్షాలూ తమ క్షిపణులు అమ్ముకోవచ్చు. ఒప్పందాన్ని రద్దు చేయలేదు, ధిక్కరించలేదు, అర్థాన్ని కాస్త వెడల్పు చేశారు. ఫిన్లాండ్ దౌత్యం నేర్పు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

డబ్బు కోణం కూడా ఉంది. సోవియట్ యూనియన్‌తో ఫిన్లాండ్ వ్యాపారం డాలర్లతో కాకుండా ఇచ్చిపుచ్చుకునే ఖాతా మీద నడిచేది. ఓడలు, కాగితం, యంత్రాలు అటు వెళ్తే చమురు ఇటు వచ్చేది. మన రూపాయి-రూబుల్ వ్యాపారం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇంచుమించు అదే ఏడాది మిగ్-21 భారత్‌కూ వచ్చింది. మనం వందల సంఖ్యలో తయారీకే దిగాం. బాడీ నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లోని హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కర్మాగారంలో. 2025 సెప్టెంబరు 26న మన దళం మిగ్-21కు వీడ్కోలు చెప్పింది. ఫిన్లాండ్‌లో అది 1998 మార్చిలోనే ముగిసింది. రెండు దేశాలూ గుంపుల్లో చేరకుండా ఉండాలనుకున్నవే, కానీ మనకున్న వెసులుబాటు ఫిన్లాండ్‌కు లేదు. మన సరిహద్దు సోవియట్ యూనియన్‌తో లేదు.

తూర్పు నుంచి కొన్నాక తూకం సరిచేయాలి. 1970లలో స్వీడన్ నుంచి డ్రాకెన్ తీసుకున్నారు. స్వీడన్ అప్పట్లో ఏ కూటమిలోనూ లేదు, కాబట్టి మాస్కో నొచ్చుకోదు, విమానం మాత్రం పడమటి నాణ్యతది. మొదట కొన్ని అద్దెకు తెచ్చి, పన్నెండింటిని హల్లి ఊళ్లోని వాల్మెట్ కర్మాగారంలో కూర్చారు. 1978లో మళ్లీ తూర్పుకు తిరిగి మిగ్-21బిస్ తెచ్చారు. 1980లో బ్రిటన్ హాక్, యాభై, ఎక్కువ భాగం మళ్లీ స్వదేశంలోనే కూర్పు. శిక్షణ విమానమనే పేరు మీద అవి అరవై లెక్కకు బయటే ఉన్నాయి, అవసరమైతే ఆయుధాలు మోయగలవు. ఇలా ఒకటి తూర్పు, ఒకటి పడమర.

ఈ పద్ధతికి ఫిన్లాండ్ కట్టిన మూల్యాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. రెండు భాషల మాన్యువల్స్, రెండు రకాల రాడార్ తర్కం, ఒకదానితో ఒకటి కలవని క్షిపణులు. యుద్ధం వస్తే ఏదో ఒక పక్క నుంచి స్పేర్లు ఆగిపోతాయని ముందే తెలుసు. అయినా ఇది సరైన బేరమేనని నేను నమ్ముతాను. ఆ నలభై ఏళ్లలో ఫిన్లాండ్ గడ్డ మీద కొత్తగా ఏ విదేశీ దళమూ తిష్ట వేయలేదు. పోర్కలా అనే చోట యుద్ధం తర్వాత సోవియట్‌కు ఇచ్చిన స్థావరం కూడా 1956లో తిరిగొచ్చింది. సామర్థ్యం పరంగా నష్టపోయి, స్వతంత్రంగా బతికే చోటును కొనుక్కుంది.

1990 సెప్టెంబరులో, జర్మనీ ఏకమవుతున్న వేళ, పారిస్ ఒప్పందంలోని సైనిక పరిమితులు తమకిక వర్తించవని ఫిన్లాండ్ తనంతట తానే ప్రకటించింది. మరుసటి ఏడాది ముగిసేసరికి సోవియట్ యూనియనే లేదు. 1992 మేలో 64 అమెరికన్ హార్నెట్లు కొనాలని నిర్ణయించారు. పోటీలో ఎఫ్-16, ఫ్రెంచి మిరాజ్, స్వీడన్ గ్రిపెన్, రష్యా మిగ్-29 కూడా ఉన్నాయి. అరవై నాలుగు అన్న అంకె చూడండి, పాత హద్దు దాటేశారు. ఇక ఒకే రకం పోరాట విమానంతో మొత్తం దళాన్ని నడపడానికి వీలు చిక్కింది. అయినా పాత జాగ్రత్త ఒకటి వదల్లేదు. తొలి ఏళ్లలో ఈ హార్నెట్లకు ఆకాశంలో పోరాడే ఆయుధాలే ఇచ్చారు, నేల మీద దాడి చేసేవి ఇవ్వలేదు. ఆ సామర్థ్యం 2010లలో ఆధునికీకరణతో వచ్చింది.

హార్నెట్ ఎందుకంటే, అది విమాన వాహక నౌక మీద దిగడానికి పుట్టినది. బలమైన కాళ్లు, తాడును పట్టుకుని ఆగే కొక్కెం, రెండు ఇంజన్లు. ఫిన్లాండ్‌కు విమాన వాహక నౌక లేదు. రోడ్లు ఉన్నాయి. యుద్ధం మొదటి గంటల్లోనే ప్రధాన స్థావరాల మీద క్షిపణులు పడతాయని వాళ్ల ప్రణాళిక ఊహిస్తుంది, అందుకని విమానాలను దేశమంతా చెదరగొట్టాలి. 1960ల నుంచే కొన్ని హైవే ముక్కలను వెడల్పుగా, తిన్నగా, పక్కన విమానాలు ఆగే చోటుతో కట్టారు. అభ్యాసం రోజుల్లో రోడ్డు మూసి, రోడ్డుకు అడ్డంగా ఆపే తాడు బిగిస్తారు. విమానం దిగి తాడును పట్టుకుని ఆగుతుంది, ట్యాంకర్ లారీ వచ్చి ఇంధనం నింపుతుంది, క్షిపణులు తగిలిస్తారు, మళ్లీ లేస్తుంది. ఆ పని చేసేవాళ్లలో సైనిక సేవకు వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లుంటారు. 'బానా' పేరుతో ఈ అభ్యాసం క్రమంగా జరుగుతుంది.

ఇదే ఆలోచనతో మన దగ్గర అద్దంకి సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు అత్యవసర రన్‌వే కట్టారు. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగాయి, సుఖోయ్-30లు, హాక్‌లు రోడ్డుకు దగ్గరగా దిగొచ్చి మళ్లీ పైకి లేచాయి. చుట్టుపక్కల ఊళ్లకు అది ఒక రోజు వింత. ఫిన్లాండ్‌లో అది మామూలు పని.

వర్క్‌షాపు అలవాటు హార్నెట్ కాలంలోనూ పోలేదు. 57 సింగిల్ సీటర్లనూ హల్లిలోనే కూర్చారు. 2001లో రెండు హార్నెట్లు గాల్లో ఢీకొంటే ఒకటి కూలిపోయింది, రెండోది దెబ్బతిని దిగింది. ఆ రెండోదాని వెనక భాగానికి, కెనడా నుంచి కొన్న పాత రెండు సీట్ల విమానం ముందు భాగాన్ని అతికించారు. ఏళ్ల తరబడి శ్రమ, కొలతలు, లెక్కలు. చివరికి ఎగిరింది. 2010 జనవరిలో పరీక్షా విహారంలో అదుపు తప్పి కూలింది, ఇద్దరు పైలట్లూ బయటపడ్డారు. ఆర్థికంగా చూస్తే అది నష్టమే. కానీ ఒక ఆధునిక జెట్‌ను రెండుగా కోసి అతికించగల చేతులు అంత చిన్న దేశంలో ఉన్నాయని తేలింది.

2021 డిసెంబరు 10న ఫిన్లాండ్ తర్వాతి విమానంగా ఎఫ్-35ను ఎంచుకుంది, మళ్లీ 64. రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయిలో దండెత్తడానికి రెండున్నర నెలల ముందు. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో చేరింది, తూకం రాజకీయం అక్కడితో ముగిసింది. అదే సెప్టెంబరులో నార్వే ఎఫ్-35లు రెండు ఫిన్లాండ్ హైవే మీద దిగి, ఆ విమానం కూడా రోడ్డు మీద నడుస్తుందని చూపించాయి.

ఎఫ్-35తో పాత భయం మాత్రం కొత్త రూపంలో వచ్చింది. బ్రూస్టర్ ఇంజన్‌ను విప్పి రింగ్ తిప్పితే పని జరిగేది. ఎఫ్-35 ప్రాణం దాని సాఫ్ట్‌వేర్‌లో, శత్రువు రాడార్లను గుర్తుపట్టే డేటాలో ఉంది, ఆ రెండింటి తాళాలు ఎక్కువగా అమెరికా దగ్గరే ఉన్నాయి. తుది కూర్పు కూడా టెక్సస్‌లోనే, హల్లిలో కాదు. దానికి విరుగుడుగా ఫిన్లాండ్ కొన్ని పనులు అడిగి తీసుకుంది. ఇంజన్ల కూర్పు, విమానం ముందు భాగాల తయారీ, మరమ్మతు సామర్థ్యం, స్పేర్ల నిల్వ స్వదేశంలో. ఇవన్నీ పాట్రియా కంపెనీ చేతిలో, అంటే పాత ప్రభుత్వ కర్మాగారం వారసుల చేతిలోనే ఉన్నాయి. ఈ ఏర్పాటు చాలుతుందని నేను అనను. సాఫ్ట్‌వేర్ మీద పట్టు లేనంతకాలం ఏ మరమ్మతు కేంద్రమూ పూర్తి భరోసా ఇవ్వదు. కానీ ఎఫ్-35 కొన్న చాలా దేశాల కన్నా ఫిన్లాండ్ ఈ ప్రశ్నను ముందే అడిగింది, బేరంలో పెట్టింది. హార్నెట్లు 2030 దాకా ఎగురుతాయి. అంతవరకు రొవానియెమీలోనూ, రిస్సాలాలోనూ మెకానిక్కులు మళ్లీ రెండు రకాల విమానాల మీద పని చేయాలి, ఈసారి రెండూ ఒకే దేశం నుంచి వచ్చినవి.